బోల్టు పట్టేసిందా? పైపు పక్కన పెట్టండి

గోపాల్‌పూర్, సోనాపూర్, ఆర్జిపల్లి వైపు నుంచి చేపలు మోసే లోడు ఆటో ఏది మా షెడ్డుకొచ్చినా, కింద దూరినవాడికి ముందు కనిపించేది తుప్పే. బుట్టల్లోంచి ఐసు నీళ్లు ఉప్పుతో కలిసి రోజంతా ఛాసిస్ మీద కారుతుంటాయి. దానికి తోడు సముద్రపు గాలి. కట్టల (లీఫ్ స్ప్రింగుల) బోల్టులు, సైలెన్సర్ నట్లు ఎర్రగా పొక్కిపోయి, ఏది నట్టో ఏది వాషరో తెలీకుండా ఉంటాయి. 2013లో ఫైలిన్ తుఫానుకీ, 2018లో తిత్లీ తుఫానుకీ నీళ్లలో నానిన బళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో, గిరిసోల దగ్గర హైవే పక్కన మెకానిక్ షెడ్డు నాది. పని నేర్చుకోడానికొచ్చే కుర్రాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. సొంత బండి సొంతంగా విప్పుకునేవాళ్లకూ పనికొస్తుంది.

బోల్టు కదలకపోతే చాలామంది చేసే మొదటి పని పానాకి పైపు తొడిగి ఎగిరి తొక్కడం. అది చివర్లో చేయాల్సిన పని. ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికి రెండింతల పైనే చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరకీ బోల్టు మరకీ మధ్య ఉండే సన్నటి సందులో ఆ తుప్పు ఉబ్బి, దిమ్మిస కొట్టినట్టు గట్టిపడుతుంది. దాన్ని పగలగొట్టకుండా తిప్పితే బోల్టు మెడ దగ్గర తెగుతుంది. పది నంబరు పానా పట్టే ఆరు మిల్లీమీటర్ల బోల్టుకైతే పైపు కూడా అక్కర్లేదు, ఉత్తి చేత్తోనే తెగుతుంది.

అసలు ఎటు తిప్పాలో ముందు చూసుకోండి. యమహా బళ్ల కుడి అద్దానికీ, సైకిల్ ఎడమ పెడల్‌కీ, కొన్ని పాత లారీల ఎడమ వైపు చక్రాలకీ ఎడం మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. విప్పుతున్నామనుకుని బిగిస్తుంటారు.

తర్వాత వైరు బ్రష్షుతో బయటికొచ్చిన మరంతా తళుక్కుమనేదాకా రుద్దండి. నట్టు ఆ మర మీదుగానే బయటికి రావాలి. అక్కడ తుప్పు గడ్డ ఉంటే సగం దారిలో మళ్లీ పట్టేస్తుంది. పానా విషయంలో నాది ఒకటే మాట: తుప్పు పట్టినదానికి ఆరు పలకల సాకెట్టే వాడండి. పన్నెండు పలకల రింగు పానా మూలల్ని మాత్రమే పట్టుకుంటుంది. తుప్పు తిన్న మూలలు గుండ్రంగా అరిగిపోతే ఆ తర్వాత ఏ పానా పట్టదు. నోరు తెరిచి ఉండే డి పానా అయితే ఆ దరిదాపులకే తేవద్దు.

ఇక ఆయిల్. కిరసనాయిలు, డీజిల్, డబ్ల్యూడీ-40, తుప్పు వదిలించే స్ప్రేలు ఏవైనా కొంత పని చేస్తాయి. డబ్ల్యూడీ-40 పుట్టిందే తేమని తరిమేయడానికి, గట్టి తుప్పు ముందు దాని బలం తక్కువ. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే) ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపితే బాగా దిగుతుంది గానీ అసిటోన్ పెయింటునీ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఏది పోశారన్నదానికంటే ఎక్కడ పోశారన్నది ముఖ్యం. బోల్టు తల మీద డబ్బా ఖాళీ చేసినా లాభం లేదు, మర అక్కడ లేదు. నట్టు అంచు దగ్గర, మర లోపలికి వెళ్లే చోట పడాలి. సాయంత్రం పోసి, సుత్తితో నట్టు పక్కల మీద చిన్నగా కొట్టి, పొద్దున్నే మళ్లీ పోస్తే సగం పని అయిపోతుంది. "బేగి కానీ మేస్త్రీ, ఐసు కరిగిపోతంది" అని డ్రైవరు తల మీద నిలబడితే రాత్రంతా నానబెట్టడం కుదరదు. అలాంటప్పుడే సుత్తి, మంట.

సుత్తి దెబ్బ అటూ ఇటూ కాకుండా బోల్టు తల మీద నిటారుగా పడాలి. తల పగిలేలా కాదు, అదురు మర దాకా వెళ్లేలా. అవతలి వైపు బరువైన ఇంకో సుత్తి ఆనిస్తే దెబ్బ వృథా పోదు. ఇంజిన్ కవర్ల మీది స్టార్ స్క్రూలకు ఇంపాక్ట్ డ్రైవర్ అని ఒకటి దొరుకుతుంది. పైన సుత్తితో కొడితే కింద బిట్టు నొక్కుకుంటూనే తిరుగుతుంది. టూవీలర్ పని చేసేవాడు ముందు కొనాల్సిన పనిముట్లలో అదొకటి.

ఇప్పుడు పానా వేయండి. విప్పే ముందు పిసరంత బిగించే వైపు నొక్కండి. తుప్పు పొర ఎటు పగిలినా పగిలినట్టే. ఇక్కడ చెవి, చెయ్యి రెండూ పెట్టాలి. "టక్"మని పొడి చప్పుడుతో కదిలితే తుప్పు విడిపోయింది. చప్పుడు లేకుండా మెత్తగా, రబ్బరు మెలితిప్పినట్టు పానా జరుగుతూ ఉంటే నట్టు ఊడటం లేదు, బోల్టు మెలిపడుతోంది. అక్కడే ఆపేయాలి. కదిలిన నట్టుని కూడా ఒక్క ఊపులో ఊడదీయొద్దు. పావు చుట్టు విప్పి, చుక్క ఆయిల్ వేసి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ విప్పాలి. "కిర్రు"మని అరుస్తుంటే పొడి తుప్పు మరలో నలుగుతోందన్నమాట, ఇంకో చుక్క వేయండి. ఆయిల్‌తో పాటు ఎర్రటి బురద బయటికొస్తుంటే దారిలో పడ్డట్టే.

మంట పెట్టాలంటే నట్టుకి పెట్టండి, బోల్టుకి కాదు. నట్టు వేడికి సాగి వదులవ్వాలి. నీడలో చూస్తే మసక ఎరుపు కనిపించేదాకా చాలు. కాస్త చల్లారాక కొవ్వొత్తి మొన తగిలిస్తే మైనం కరిగి మరలోకి పాకుతుంది. అల్యూమినియం దగ్గర మాత్రం ఎరుపు కోసం చూడొద్దు. అది రంగు మారకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగి కూర్చుంటుంది. ఎర్రగా కాల్చిన నట్టుబోల్టులు బలం కోల్పోతాయి, మళ్లీ బిగించకుండా పారేయండి.

పెట్రోల్ ట్యాంకు, గ్యాస్ సిలిండర్, బ్రేక్ గొట్టాలు, షాకబ్జార్బర్ దగ్గర మంట వద్దు. గాలి నిండిన టైరు ఉండగా వీల్ నట్లు కాల్చొద్దు, టైరు పేలుతుంది. ఆయిల్ పోసిన చోట తుడిచి, ఆరాకే మంట వెలిగించాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వేడి పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. దాని డబ్బా మీద రాసింది చదవకుండా కొనొద్దు. వెల్డింగ్ చేస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పేయండి, ముఖ్యంగా ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లకి.

ఏం చేసినా రాని నట్టుతో పంతం ఎందుకు? గ్రైండర్‌తో ఒక పక్క చీల్చి ఉలితో విడగొట్టండి. నట్టు ఖరీదెంత! స్టడ్డు (తల లేని బోల్టు) లోపల విరిగితే, కాస్త పైకి కనిపిస్తున్నంతవరకూ దాని మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపడమే నాకు నచ్చిన దారి. ఆ వేడికే తుప్పు కూడా వదులుతుంది. పూర్తిగా లోపలికి విరిగితే సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, ఎడం వైపు తిరిగి కోసే బిట్టుతో డ్రిల్ చేయాలి. చాలాసార్లు బిట్టు పట్టుకుని స్టడ్డు దానంతటదే తిరిగి వచ్చేస్తుంది. ఈజీ అవుట్ (విరిగిన స్టడ్డులో చేసిన రంధ్రంలోకి దించి తిప్పే పనిముట్టు) మీద నాకు నమ్మకం తక్కువ. అది లోపల విరిగితే మామూలు బిట్టు దాన్ని గీకలేదు.

తిరిగి బిగించేటప్పుడు మర శుభ్రం చేసి రాగి గ్రీజు పలచగా రాయండి. బ్రేక్ డిస్కుకీ లైనర్లకీ అంటనివ్వొద్దు. వీల్ నట్లకి కంపెనీ చెప్తే తప్ప వద్దు. మర జారుడుగా ఉంటే అదే బలానికి నట్టు ఎక్కువ బిగుస్తుంది. సముద్రం దగ్గర కదా అని కొందరు అన్నీ స్టెయిన్‌లెస్ బోల్టులే వేయిస్తుంటారు. ఇంజిన్ అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ బోల్టు, మధ్యలో ఉప్పు నీళ్లు చేరితే అల్యూమినియమే తెల్లటి బూడిదలా కొరుక్కుపోతుంది. అక్కడ గ్రీజు లేకుండా వేయొద్దు. బరువు మోసే చోట తల మీద 8.8 అని (బోల్టు బలం చెప్పే అంకె) ఉన్న బోల్టు తీస్తే అదే అంకె ఉన్నది వేయండి.

చేపల బండి వాళ్లకైతే ఇంకో మాట. లోడు దించిన రోజే ఛాసిస్ కింద మంచినీళ్లు కొట్టించండి. వారం తర్వాత కడిగితే ఉప్పు అప్పటికే లోపలికి దిగిపోయి ఉంటుంది.