ఎం1 గారండ్ రైఫిల్, 3వ పాఠం: క్లిప్పు ఎక్కించేటప్పుడు బొటనవేలు జాగ్రత్త

కిందటి పాఠంలో రైఫిల్ విప్పి, తుడిచి, గ్రీజు రాసి మళ్లీ బిగించాం. అది చేతికి అలవాటయ్యాకే ఇందులోకి రండి. ఈసారి తూటాలు ఎక్కించడం, దింపడం మాత్రమే. కాల్చడం ఇంకా లేదు. ఇంట్లో సాధన అంతా మందు లేని డమ్మీ తూటాలతోనే. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

జాన్ గారండ్ రూపొందించిన ఈ రైఫిల్‌ని అమెరికా సైన్యం 1936లో తీసుకుంది. ఊడదీసి పెట్టే మ్యాగజైను దీనికి లేదు. 8 తూటాలను కరిచి పట్టుకునే ఉక్కు క్లిప్పు ఉంటుంది, తూటాలతో పాటు అదీ లోపలికి పోతుంది. చివరి తూటా పేలగానే ఖాళీ క్లిప్పు టింగుమంటూ పైకి ఎగురుతుంది, బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే లోహపు ముక్క) వెనకే ఆగుతుంది. ఆ చప్పుడు మొదటిసారి విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇక చేతిపని. మూతి సురక్షితమైన దిక్కుకు పెట్టండి, సేఫ్టీ వెయ్యండి. ట్రిగ్గర్ గార్డు ముందున్న ఆ చిన్న రేకు వెనక్కి ఉంటే సేఫ్, ముందుకు తోస్తే కాల్చడానికి సిద్ధం. బోల్ట్ ని కదిపే ఆపరేటింగ్ రాడ్ పిడిని వెనక్కి లాగి ఆపండి. ఇప్పుడు కుడి అరచేతి అంచుని, అంటే చిటికెన వేలి వైపు భాగాన్ని, ఆ పిడికి ఆనించి ఉంచండి. పాఠమంతా ఈ ఒక్క కదలికలోనే ఉంది. బొటనవేలితో క్లిప్పుని నిటారుగా కిందికి నొక్కండి. అడుగున ‘టక్’మని పట్టుకుంటుంది, బోల్ట్ ముందుకు దూకడానికి వదులవుతుంది. వెంటనే బొటనవేలు పైకి తీసెయ్యండి. వేలు బయటికి వచ్చాకే అరచెయ్యి వదలాలి. బోల్ట్ ఒక్కోసారి పూర్తిగా ముయ్యదు. పిడిని అరచేతితో ముందుకు ఒక్క పోటు పొడిస్తే చాలు.

నా వేలు నలిగింది మాత్రం క్లిప్పు పెట్టేటప్పుడు కాదు, తుడిచేటప్పుడు. ఖాళీ రైఫిలే కదా అని గుడ్డతో లోపల తుడుస్తుంటే బొటనవేలు ఫాలోయర్ (తూటాలను కింది నుంచి పైకి తోసే పలక) మీద పడింది. క్లిప్పు లేనప్పుడు ఫాలోయర్ నొక్కితే బోల్ట్ వదిలేస్తుంది. కారు తలుపులో పడ్డట్టే. గోరు నల్లబడి, రెండు నెలలకి ఊడి కొత్తది వచ్చింది. అందుకే ఖాళీ రైఫిల్ మూసేటప్పుడు కూడా అరచేతి అంచు పిడికి ఆనించే ఉంచండి.

దింపాలంటే పిడిని వెనక్కి లాగి పట్టుకుని, ఎడమ పక్కనున్న క్లిప్పు లాచి నొక్కండి. మిగిలిన తూటాలతో సహా క్లిప్పు పైకి లేస్తుంది. తర్వాత తూటా కూర్చునే గూడు, అంటే ఛాంబర్‌లో కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి.

ఒక తూటాని నేరుగా ఛాంబర్‌లో వేసి బోల్ట్ వదలకండి. ఫైరింగ్ పిన్నుని పట్టి ఉంచే స్ప్రింగు ఇందులో లేదు. బోల్ట్ విసురుగా మూసుకుంటే పిన్ను ముందుకెళ్లి, తూటా అడుగున నిప్పు రగిల్చే ప్రైమర్‌ని తగులుతుంది, ట్రిగ్గర్ ముట్టకుండానే పేలే ప్రమాదం ఉంది.

పెట్టె మీద ఈ రైఫిల్ తూటా కొలత .30-06 అని ఉంటే చాలదు. వేట కోసం చేసిన బరువైన గుండ్ల తూటాల్లో నెమ్మదిగా మండే మందు వాడతారు. దీని గ్యాస్ రంధ్రం (పేలిన గ్యాస్‌తో ఆపరేటింగ్ రాడ్ నడిచేలా చేసేది) బ్యారెల్ మూతి దగ్గరుంటుంది కాబట్టి, అక్కడికి చేరేసరికి ఒత్తిడి ఇంకా ఎక్కువగా ఉండి ఆపరేటింగ్ రాడ్ వంగిపోతుంది. పెట్టె మీద ‘ఎం1 గారండ్’ అని ఉన్నవే కొనండి. పాత సైనిక నిల్వ తూటాలైతే ప్రైమర్ ఉప్పు వదిలి తుప్పు పట్టించే రకమేమో కనుక్కోండి. ఆ రకమైతే కాల్చిన రోజే బ్యారెల్‌ని వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. నూనె ఒక్కటే రాస్తే ఉప్పు కరగదు.

ఈ వారం రోజూ 20 సార్లు డమ్మీలతో ఎక్కించి దింపండి. చూడకుండానే అరచెయ్యి పిడిని వెతుక్కునేదాకా చెయ్యండి. వచ్చే పాఠంలో రేంజికి వెళ్తాం. వెనక సైటు మీద ఒక్క క్లిక్కు 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం జరుపుతుంది, అక్కడ మొదలుపెడదాం.