స్లో కుక్కర్‌లో కారంకారంగా పెద్దకూర చిల్లీ

స్లో కుక్కర్‌ను కరెంటు దాలి అనుకోండి. పిడకల సెగ మీద పాలకుండ పొద్దంతా కాగి మీగడ ఎర్రబారినట్టే, ఇందులో గట్టి మాంసం ఎనిమిది గంటలు సన్నసెగన మగ్గి మెత్తబడుతుంది. దాలికి చేతకానివి దీనికీ చేతకావు. ఇది వేయించలేదు, నీళ్లు ఇగరనివ్వదు. ముక్కలు, కారం, టమాట, నీళ్లు అన్నీ ఒక్కసారే పోసి మూతపెట్టి పనికి పోతే, సాయంత్రానికి ఎర్రటి నీళ్లలో తేలే ఉడుకుమాంసం మిగులుతుంది. చిల్లీకి రుచి పుట్టేది మొదటి ముప్పావుగంట పొయ్యి మీదే. ఆ రుచిని ముక్క లోపలికి దింపేది మాత్రం కుక్కర్.

చిల్లీ అమెరికాలోని టెక్సస్ వంట. 1977లో ఆ రాష్ట్ర శాసనసభ దీన్ని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. ఎండుమిరపకాయల ముద్ద, గొడ్డుమాంసం, జీలకర్ర, ఎల్లిపాయ దీనికి ప్రాణం. టెక్సస్‌లో పట్టింపు ఉన్నవాళ్లు రాజ్మా వేయనివ్వరు, మిగతా అమెరికాలో వేస్తారు. మనం జొన్నరొట్టెతోనో అన్నంతోనో తింటాం కాబట్టి రాజ్మా ఉంటేనే బాగుంటుంది. మిగతా సరుకంతా నల్గొండలో, పాలమూరులో ఏ కిరాణా కొట్టులోనైనా దొరికేదే.

మాంసం సరిగ్గా ఎంచుకుంటే సగం పని అయినట్టే. మన దగ్గర పెద్దకూర అంటే ఎక్కువగా దున్న, బర్రె మాంసం. ఆవును, దూడను కోయడానికి చట్టం ఒప్పుకోదు. దున్న మాంసం ముదురు ఎరుపు, దాని కొవ్వు తెలుపు. కండలో కొవ్వు తక్కువ. అందుకే తొడ దగ్గరి మెత్తటి కండ ఏరి తెచ్చుకుంటే ఎనిమిది గంటల తర్వాత అది పీచుపీచుగా, నోట్లో పొడిపొడిగా అయిపోతుంది. భుజం, మెడ, పిక్క అడగండి. మధ్యమధ్య తెల్లటి పొరలు, నరాలు ఉన్న ముక్కలు కావాలి. కొట్టేటాయన వాటిని తీసేయబోతే వద్దని చెప్పండి. 70 డిగ్రీలు దాటాక ఆ పొరలే మెల్లగా కరిగి జిగురవుతాయి. పులుసుకు చిక్కదనం, ముక్కకు మెత్తదనం వాటితోనే. ఒక నల్లి బొక్క కూడా వేయించుకుంటే ఇంకా మంచిది. ఖీమా మాత్రం వద్దు, అంతసేపు ఉడికితే ఇసుకలా రాలుతుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పొద్దున కోసిన మాంసం పొద్దున్నే పొయ్యెక్కిస్తే బిగువు ఒకపట్టాన పోదు. కోసిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుంటాయి, మళ్లీ వదులు కావడానికి ఒక రోజన్నా పడుతుంది. ఆదివారం తినాలనుకుంటే శనివారమే తెచ్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మాంసాన్ని మాత్రం ఎప్పుడూ నేరుగా కుక్కర్‌లో వేయొద్దు. అది కరిగి వేడెక్కేలోపు గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది, సూక్ష్మజీవులు పెరిగేది ఆ వేడిలోనే.

5 లీటర్ల కుక్కర్‌కు, ఆరేడుగురికి ఈ లెక్క సరిపోతుంది. పెద్దకూర కిలోంపావు, 3 సెంటీమీటర్ల ముక్కలు. ఎండు రాజ్మా 200 గ్రాములు. రంగుకు బ్యాడిగ మిరపకాయలు 15, మంటకు తేజ మిరపకాయలు 8. ఉల్లిగడ్డలు 300 గ్రాములు, బాగా పండిన టమాటలు 300 గ్రాములు, ఎల్లిపాయ రెబ్బలు 12. జీలకర్ర 2 టీస్పూన్లు, ధనియాలు 1 టేబుల్ స్పూను, దాల్చినచెక్క వేలి కణుపంత, వాము పావు టీస్పూను. పల్లినూనె 5 టేబుల్ స్పూన్లు. ఉప్పు 3 టీస్పూన్లు, చివర్లో చూసి మరికొంత. జొన్నపిండి కలిపేవి కాక, నీళ్లు మొత్తం 350 మిల్లీలీటర్లు. చివరికి జొన్నపిండి ఒకటిన్నర టేబుల్ స్పూను, చిక్కటి చింతపండు రసం 2 టేబుల్ స్పూన్లు, చిన్న బెల్లం ముక్క. అసలు వంటలో ఒరెగానో ఆకు, మక్క పిండి పడతాయి. ఒరెగానోలో ఉండే ఘాటు వాములోనూ ఉంటుంది కాబట్టి అది సరిపోతుంది, కానీ పావు టీస్పూను దాటితే కూర అంతా వాము వాసనే.

రాజ్మా దగ్గర ఒక్క తప్పు చేసినా ఇంటిల్లిపాదీ వాంతులతో పడిపోతారు. పచ్చి ఎర్రరాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, సరిగా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా చాలు. బాగా తెర్లే నీళ్లలోనే అది చస్తుంది. స్లో కుక్కర్ వేడి చాలాసేపు దానికంటే తక్కువగా ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర ఉడికీ ఉడకకుండా ఉన్న గింజ పచ్చిదానికంటే ఎక్కువ హాని చేస్తుంది. కాబట్టి ముందురాత్రి 10 గంటలు నానబెట్టండి, ఆ నీళ్లు పారబోయండి, కొత్త నీళ్లలో పెద్దమంట మీద 10 నిమిషాలు తెర్లనివ్వండి. తర్వాత ప్రెషర్ కుక్కర్‌లో ఐదారు విజిల్స్ రానిచ్చి, వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలిగేదాకా చూడండి. ఎండాకాలంలో నానబెట్టిన గిన్నె ఫ్రిజ్‌లోనే పెట్టాలి, బయట పెడితే తెల్లారేసరికి నురగ కట్టి పులుస్తుంది.

నల్గొండ వైపు బోరు నీళ్లలో రాజ్మా ఎంతకీ ఉడకదు. ఆ నీళ్లలోని సున్నం గింజ తొక్కను బిగబట్టేస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో వాడండి, లేదంటే నానబెట్టే నీళ్లలో చిటికెడు వంటసోడా వేయండి. బోరు నీళ్లను మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. అందుకే పులుసుకు కూడా తాగేనీళ్లే పోయాలి. రాజ్మా నచ్చకపోతే బొబ్బర్లు వేయొచ్చు. వాటితో ఇంత బెడద లేదు, అయినా విడిగా ఉడికించాకే వేయాలి. టమాట, చింతపండు పులుపు తగిలిన గింజ ఆపైన ఒకపట్టాన మెత్తబడదు.

ఇక కారం ముద్ద. మిరపకాయల తొడిమలు తీసి, చీరి, సగం గింజలు దులిపేయండి. మంట ఎక్కువగా ఉండేది గింజలను పట్టుకున్న తెల్లటి పొరలో, గింజలు మాడితే మిగిలేది చేదే. పెనం సన్నమంట మీద పెట్టి మిరపకాయలను గరిటెతో నొక్కుతూ 30 నుంచి 40 సెకన్లు వేయించండి. తోలు కొంచెం ఉబ్బుతుంది, మెరుస్తుంది, ముక్కుకు ఎండుద్రాక్షలాంటి తీపి వాసన తగులుతుంది. అక్కడే దించేయాలి. ఒక్క నల్లమచ్చ పడినా ఆ కాయను పక్కన పడేయండి. ఎనిమిది గంటలు ఉడికాక ఆ చేదు కూర మొత్తానికి ఎక్కుతుంది, దానికి మందు లేదు. వేయించిన కాయలను 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. ఆ నీళ్లు నాలుక మీద వేసుకుని చూడండి. చేదుంటే పారబోసి మంచినీళ్లతో రుబ్బండి, లేకుంటే అవే వాడండి. జీలకర్ర, ధనియాలు, దాల్చినచెక్క, వాము విడిగా దోరగా వేయించి, ఎల్లిపాయలతో కలిపి మిరపకాయలతోపాటే మెత్తగా రుబ్బాలి. వేళ్ల మధ్య రుద్దితే తొక్క తగలకూడదు, తగిలితే జల్లెడ పట్టండి. కారప్పొడితోనే పని కానిస్తే అవుతుంది కానీ పొడి వాసన అంతసేపు నిలవదు, మంట ఒక్కటే మిగులుతుంది.

ముక్కలను బట్టతో తడి లేకుండా అద్దండి. తడి ఉంటే ముక్క ఉడుకుతుంది తప్ప వేగదు. ఇనుప మూకుడులో 2 టేబుల్ స్పూన్ల నూనె పొగలు రాబోయేదాకా కాచి, ముక్కలను మూడు నాలుగు విడతలుగా వేయండి, ఒక్కో విడతకు మూడు నాలుగు వందల గ్రాములే. అన్నీ ఒకేసారి వేస్తే నూనె చల్లబడి మాంసం నీళ్లొదులుతుంది, బూడిదరంగుకు తిరుగుతుంది. వేసిన ముక్కను రెండు మూడు నిమిషాలు కదపొద్దు, అడుగు ఎర్రగా వేగితే అదే వదులుతుంది. రెండు వైపులు చాలు. అన్నీ అయ్యాక మూకుడు అడుగున ఎర్రటి జిడ్డు అంటుకుని ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి గరిటెతో గీకి ముక్కల మీద పోసేయండి. ఆ జిడ్డును కడిగిపారేస్తే చిల్లీలో సగం రుచిని పారేసినట్టే.

అదే మూకుడులో మిగతా నూనె వేసి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డలు బంగారు రంగుకు వచ్చేదాకా వేయించండి. కారం ముద్ద వేసి సన్నమంట మీద ఐదారు నిమిషాలు ఆపకుండా కలపాలి. మొదట ఎర్రగా పల్చగా ఉన్న ముద్ద చిక్కబడి, ఇటుకరంగుకు తిరిగి, అంచుల్లో నూనె తేలుతుంది. తరిగిన టమాటలు వేసి మళ్లీ నూనె తేలేదాకా మగ్గించండి. ఇక్కడ తొందరపడితే టమాట నీరంతా కుక్కర్‌లో చేరి పులుసు పల్చగా, పచ్చివాసనతో ఉంటుంది.

వేయించిన ముక్కలు, నల్లి బొక్క, ఈ ముద్ద, ఉప్పు, మిగిలిన నీళ్లు అన్నీ వేడివేడిగానే కుక్కర్‌లోకి. నీళ్ల లెక్కలో మూకుడు గీకినవీ, మిరపకాయలతో రుబ్బినవీ కలిసే ఉండాలి. పై వరస ముక్కలు నీళ్లలోంచి కొంచెం తేలి కనిపించాలి. తక్కువనిపించినా పోయొద్దు, మాంసమే గంటన్నరలో తన నీళ్లు వదులుతుంది. గిన్నె సగానికి తగ్గకుండా, ముప్పావు దాటకుండా నిండాలి. మొదటి గంట ‘హై’ మీద, తర్వాత ‘లో’ మీద ఏడెనిమిది గంటలు. అంతసేపు కుదరకపోతే మొత్తం ‘హై’ మీద ఐదున్నర గంటలు. ముదురు దున్నదైతే ఇంకో గంట కలుపుకోండి. మూత తీసిన ప్రతిసారీ ఇరవై నిమిషాల వేడి పోతుంది, మధ్యలో కలపాల్సిన పనే లేదు.

నాలుగైదు గంటలకు ఒక ముక్క తీసి కొరికితే రబ్బరులా ఉంటుంది. ఎక్కువ ఉడికి గట్టిపడిందనుకుని ఆపేస్తారు చాలామంది. అది ఇంకా ఉడకలేదు, అంతే. పొరలు కరగడం అప్పుడే మొదలవుతుంది. అయిందో లేదో చూడాలంటే ముక్కను గిన్నె అంచుకు గరిటెతో మెల్లగా నొక్కండి. పీచు వెంబడి తనంతట తానే విడిపోయి, మధ్య పొర ఉన్నచోట నిగనిగలాడే జిగురు కనిపిస్తే అయినట్టు.

దించడానికి 40 నిమిషాల ముందు ఉడికించిన రాజ్మా వేసి, జొన్నపిండిని అరకప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోసి ‘హై’కి మార్చండి. జొన్నపిండి పచ్చివాసన పోవడానికి అంత సమయం కావాలి. ఆఖరి పది నిమిషాల్లో చింతపండు రసం, బెల్లం. పులుపు ముందే వేస్తే దాని పదును పోతుంది. ఉప్పు, కారం ఇప్పుడే సరిచూడాలి. మిరప మంట ఉడికితే తగ్గదు, నూనెలో కలిసి కూరంతా పరుచుకుంటుంది, తెల్లారి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. తగ్గించాలంటే నీళ్లు పోయడం దండగ, గుప్పెడు పల్లీలు వేయించి మెత్తగా నూరి కలపండి. పలుచగా ఉంటే మూత తీసి కూర్చోకుండా, రెండు గరిటెల పులుసును మూకుడులో పెద్దమంట మీద ఇగిరించి మళ్లీ కలిపేయండి.

కరెంటు సంగతి. ఈ కుక్కర్లు 200 నుంచి 250 వాట్లవి, ఎనిమిది గంటలకు రెండు యూనిట్లు దాటదు, ఇంటి ఇన్వర్టర్ గంటా రెండు గంటలు మోస్తుంది. తిప్పే బటన్ ఉన్నదైతే కరెంటు రాగానే తనే మొదలవుతుంది. అంకెల తెర ఉన్నవి చాలావరకు ఆగిపోయి అట్లే ఉంటాయి, పొద్దంతా ఇంట్లో లేనివాళ్లకు బటన్‌దే నయం. ఇంట్లో ఉండగా కరెంటు పోతే ప్రెషర్ కుక్కర్‌లోకి మార్చి గ్యాస్ మీద ముగించండి. బయట ఉన్నప్పుడు ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ కూర తినొద్దు, మళ్లీ మరిగించినా కొన్ని విషాలు పోవు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన కుక్కరైతే అడుగున రాసింది చదవండి. అది 120 వోల్టులదైతే మన 230 వోల్టులకు పెట్టగానే దాదాపు నాలుగింతల వాట్లు లాగి కాలిపోతుంది. దానికి వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, కనీసం 500 వాట్లది కావాలి.

జొన్నరొట్టె వేడిగా, పక్కన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మచెక్క, పైన కొత్తిమీర. మిగిలిన కూరను వెడల్పాటి గిన్నెల్లో పల్చగా పోసి చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మే నెలలో అయితే గంటకే పెట్టేయండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది, రెండో రోజే రుచి ఎక్కువ. వేడిచేసేటప్పుడు పొయ్యి మీద బుడబుడ మరిగించండి. స్లో కుక్కర్‌లో చల్లటి కూర వేడెక్కడానికి గంటలు పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన పింగాణీ గిన్నెను వెంటనే వేడిలో పెడితే పగులుతుంది కూడా.