ఉభాల ముందు నడుం మాత్రలు: షీటు ఒకసారి తిప్పి చూడండి

ఆషాఢం సగానికొచ్చిందంటే మా మందుల షాపులో ఒకటే మాట. "బాబూ, ఆ నరాల మాత్ర నాలుగియ్యి, ఎల్లుండి కాడ్నుంచి ఉభాలు." ఉభాలంటే మా వైపు వరి నాట్లు. షాపు శ్రీకాకుళం జిల్లా సోంపేట పక్కన. వచ్చేవాళ్లలో కొందరికి నడుం దగ్గర మొదలై పిక్క మీదుగా మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగే సయాటికా. కొందరికి షుగరు వల్ల అరికాళ్ల మంటలు. మిగిలినవాళ్లకి వంగి వంగి పట్టేసిన నడుం. జబ్బులు మూడు, అడిగే మాత్ర మాత్రం ఒకటే.

వాళ్లు నరాల మాత్ర అంటున్నది నిజానికి కండరాన్ని వదులు చేసే మాత్ర, అది నరాన్ని బాగుచెయ్యదు. నరం నొక్కుకున్నప్పుడు చుట్టూ కండరం బిగుసుకుంటుంది, ఆ బిగువు కాస్త సడలుతుంది, అంతే. అరికాళ్ల మంటకి దీంతో పనే లేదు. దానికి డాక్టర్లు ప్రీగాబలిన్, డ్యులోక్సెటిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి చూసి రాస్తారు.

ముందు మీ దగ్గరున్న మాత్ర పేరేంటో తెలుసుకోండి. మేం నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క తరచూ మా డబ్బాలోనే ఉండిపోతుంది. మీ చేతికొచ్చేది ఉత్త వెండి రేకు. పేరున్న వైపు నుంచి కత్తిరించమని అడగండి. మేం విసుక్కుంటాం, అయినా అడగండి.

పేరు బాక్లోఫెన్ అయితే, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్లు ఇంకాస్త ఆగాలి. ఇది ఎక్కువ భాగం కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీ నెమ్మదించిందంటే మందు ఒంట్లోనే పేరుకుపోయి మెదడుకెక్కుతుంది. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు చాలామందికి కిడ్నీ జబ్బు ముదిరేదాకా పైకి ఏమీ తెలియదు. కాళ్లు వాచవు, మూత్రం తగ్గదు.

కొన్నేళ్ల కిందట ఓ జీడితోట కూలీ ఈ మాత్రలు రోజుకి మూడు చొప్పున వేసుకుని, మూడో రోజుకి పెళ్లాం పిల్లల్ని గుర్తుపట్టలేదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని మంత్రం వేయించారు. ఆసుపత్రిలో చూస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే అంకె, 4 దాటింది. డయాలసిస్ చేశాక మనిషి తేరుకున్నాడు. ఆ మాత్రలు నా షాపులోవే, చీటీ అడక్కుండా ఇచ్చినవే. అందుకే ఇదంతా రాస్తున్నాను.

కాబట్టి నాట్లకి పదిరోజుల ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఆ కాగితం డాక్టరుకి చూపించి అప్పుడే మందు రాయించుకోండి. ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటి నరాల మందుల మోతాదు కూడా ఆ అంకెని బట్టే తగ్గించాలి. ఇంకో సంగతి. చాలా నడుం మాత్రల్లో కండరం మందుతో పాటు ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు కలిసి ఉంటుంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలకుండా అది మింగితే దెబ్బ నేరుగా కిడ్నీ మీదే.

మీ కండరం మాత్ర పేరు టిజానిడిన్ అయితే బీపీ పడిపోతుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లకి మరీనూ. నాట్లలో గంటసేపు వంగి ఉన్న మనిషి చటుక్కున నిటారుగా లేస్తే కళ్లు బైర్లు కమ్మి మళ్లోనే కూలబడతారు. "గట్టు మీదే తూలిపోనాను బాబూ" అని ఒకామె మోచెయ్యి చూపించింది, బురద ఇంకా ఆరలేదు. దీంతో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అస్సలు కలపకూడదు. కలిస్తే టిజానిడిన్ రక్తంలో ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. వానాకాలం విరేచనాలు పట్టుకోగానే మనవాళ్లు ముందు మింగేది ఆ సిప్రోనే!

ఇంకో కండరం మందు థయోకోల్చికోసైడ్‌ని ఏడు రోజులకి మించి వాడొద్దని, గర్భిణులకి ఇవ్వొద్దని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లోనే చెప్పింది. ఉభాలు అయ్యేదాకా నెలంతా వేసుకునే మందు కాదది. క్లోర్‌జోక్సజోన్ అనే మరో కండరం మందు వేసుకుంటే మూత్రం నారింజ రంగులో రావచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. కళ్లు పచ్చబడితే మాత్రం లివరు దెబ్బతింటోందేమో, మాత్ర ఆపి వెంటనే చూపించుకోండి.

ఏ మాత్రయినా మొదటిసారి రాత్రిపూట, మర్నాడు పొలం పని లేని రోజున వేసి చూసుకోండి. ఎంత మత్తు వస్తుందో అప్పుడు తెలుస్తుంది. కల్లుతోగానీ సారాతోగానీ కలిపితే ఊపిరి మందగిస్తుంది. ఆటో, ట్రాక్టరు నడిపేవాళ్లు ఈ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

నాట్లు అయిపోగానే మాత్రలూ ఆపేస్తారు. వారాల తరబడి రోజూ వాడిన బాక్లోఫెన్ హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి ఉన్నట్టు కనిపించవచ్చు. టిజానిడిన్ అలా మానేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

కాలు బలహీనమై చెప్పు జారిపోతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా, తొడల మధ్య చోటు మొద్దుబారినా ఇంకో మాత్ర కోసం నా దగ్గరికి రావద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఊడ్చాల్సిన మడి సగం మిగిలున్నా సరే.