కోతులకు గర్భం నిలవడం లేదా? ముందు ఇది ఏ నెలో చూడండి

జూలో గానీ, బ్రీడింగ్ కేంద్రంలో గానీ కోతులకు నెలల తరబడి గర్భం నిలవకపోతే చూసుకునేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. వెంటనే మగదాన్ని మార్చేస్తారు, లేదంటే హార్మోన్ ఇంజెక్షన్ల దాకా వెళతారు. చాలాసార్లు ఆ జంతువులో లోపమేమీ ఉండదు. దాని కాలం ఇంకా రాలేదు, అంతే.

ముందు మీ దగ్గరున్నది ఏ జాతో తేల్చుకోండి. రీసస్, జపనీస్ మకాక్, స్క్విరల్ మంకీ కాలాన్ని బట్టి జతకట్టేవి. లాంగ్ టెయిల్డ్ మకాక్, కామన్ మార్మోసెట్ ఏడాది పొడవునా కనగలవు, కాబట్టి వీటి విషయంలో "సీజన్ కాదులే" అని సరిపెట్టుకోకూడదు. మార్మోసెట్ గుంపులో మామూలుగా పెత్తనం చేసే ఆడదే కంటుంది. దాని కింద ఉండే ఆడవాటిలో చాలావాటికి అండం విడుదలే ఆగిపోతుంది. అలాంటిదాన్ని వేరే మగదానితో విడిగా ఉంచి చూడాలి.

సమస్య: వేసవిలో రీసస్ ఆడకోతులు ఎదకు రావు, మగవి వాటిని పట్టించుకోవు

కారణం: ఉత్తరార్ధగోళంలో ఆరుబయట ఉండే రీసస్ కోతులు దాదాపు సెప్టెంబరు, అక్టోబరుల నుంచి ఫిబ్రవరి దాకా జతకడతాయి. గర్భం సుమారు 165 రోజులు. అందుకే పిల్లలు ఎక్కువగా మార్చి, జులై మధ్య పుడతాయి. వేసవిలో ఆడదానికి రక్తస్రావం కనిపించినా అండం విడుదల కాకపోవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మగదానికి కూడా ఆ నెలల్లో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, వృషణాలు చిన్నబడతాయి.

పరిష్కారం: ఆగండి. జూన్‌లో వీర్యం పరీక్ష చేయించి మగదాన్ని పనికిరానిదిగా తేల్చకండి, అదే పరీక్ష నవంబరులో మళ్లీ చేయించండి. ముఖం, పిరుదుల ఎరుపు ఎప్పుడు పెరుగుతోందో వారం వారం రాసుకోండి. సీజన్ మొదలవుతోందని మందులకన్నా ముందు ఆ నోట్‌బుక్కే చెబుతుంది.

సమస్య: గదిలో పెంచేవాటికి ఒక వేళా పాళా లేదు

కారణం: చాలావరకు లైట్లే. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి ఎంత పొడవైతే అది అంతసేపు సాగుతుంది. శరీరం ఏ కాలమో గుర్తుపట్టడానికి అదొక ఆధారం. పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి, ఒకే ఉష్ణోగ్రత ఏడాదంతా ఉంటే రీసస్ సీజన్ మసకబారుతుంది. కొన్నిటిలో ఆ జాడ పూర్తిగా పోదు కూడా.

పరిష్కారం: ఒక రాత్రి అక్కడే కూర్చుని చూడండి. వరండా లైటు కిటికీలోంచి పడుతోందా? శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లు లైట్లు వేసి మర్చిపోతున్నారా? టైమర్ పెట్టి, పగటి నిడివిని బయటి కాలంతో పాటు కొద్దికొద్దిగా మార్చండి. ఒక్కసారిగా మార్చకండి, ఫలితం కోసం నెలలు ఆగాల్సి వస్తుంది.

వెలుగే సర్వస్వం అనుకోవద్దు. 1938లో పోర్టోరికో దగ్గరి కాయో శాంటియాగో దీవిలో వదిలిన రీసస్ కోతుల సంతతిలో జతకట్టే కాలం వానలను బట్టి మారుతుందని గమనించారు. తోటి జంతువుల ప్రభావమూ ఉంది. సీజన్ కాని నెలల్లో, హార్మోన్‌తో ఎదకు తెచ్చిన ఆడవాటి పక్కన ఉంచితే మగ రీసస్‌లు మళ్లీ చురుకయ్యాయి. అందుకే గుంపును మాటిమాటికీ చెదరగొట్టకండి.

సమస్య: దక్షిణార్ధగోళం నుంచి తెచ్చిన స్క్విరల్ మంకీలు తప్పు నెలల్లో జతకడుతున్నాయి

వాటి శరీరం ఇంకా పాత చోటి కాలాన్నే పాటిస్తోంది. కొత్త చోట వాటి సీజన్ దాదాపు ఆరు నెలలు జరిగి సర్దుకుంటుంది. మగవాటికి మెడ, భుజాల దగ్గర ఒళ్లు వస్తే సీజన్ దగ్గరపడినట్టే.

సమస్య: మిగతావన్నీ గర్భంతో ఉన్నాయి, ఒక్కటి మాత్రం లేదు

దాని ఒడిలో ఆలస్యంగా పుట్టిన పిల్ల ఉందేమో చూడండి. పాలిచ్చే తల్లికి అండం విడుదల ఆలస్యమై ఆ ఏడు సీజన్ దాటిపోవచ్చు. దయచేసి గర్భం కోసం పిల్లను తల్లినుంచి లాక్కోవద్దు. ఆ పిల్లకు జరిగే నష్టాన్ని తర్వాత పూడ్చలేం. ఈడుకొచ్చే ఆడపిల్ల అయితే, ఈ శరదృతువుకు సిద్ధం కాకపోతే వచ్చే ఏడు దాకా ఆగుతుంది.

ఈడొచ్చి, పాలివ్వని రీసస్ ఆడది, ఇంతకుముందు పిల్లల్ని కన్న మగదానితో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్నా గర్భం నిలవకపోతే అప్పుడు పశువైద్యుణ్ని పిలవండి. అల్ట్రాసౌండ్, ప్రొజెస్టెరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) పరీక్ష సీజన్ ముగియకముందే చేయించండి. వేసవిలో తీసిన రిపోర్టుతో ఆయన ఏమీ తేల్చలేరు.