విదేశంలో తొలి కటింగ్‌కు ముందు జాగ్రత్తలు

మా గుంటూరు నుంచి పై చదువులకు వెళ్లే పిల్లలు ఆవకాయ, కారప్పొడి తూకం వేసి మరీ సర్దుకుంటారు. జుట్టు సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

☐ ప్రయాణానికి ముందు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో మీకు అలవాటైన షాపులోనే కటింగ్ చేయించుకోండి. మంగళవారం చాలా షాపులు తియ్యరు. అయ్యాక ముందు, వెనక, రెండు పక్కలా ఫోటోలు తీసుకోండి.

☐ మెషిన్‌కి ఏ నంబరు పెట్టారో అడిగి రాసుకోండి. 1 అంటే తలమీద మిగిలే జుట్టు సుమారు 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 4 అంటే 13. అమెరికాలో ఈ నంబర్లే చెప్పొచ్చు. ‘మీడియం’ అంటే ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క.

☐ మనలాంటి ఒత్తు జుట్టు కత్తిరించిన అలవాటుందా అని అక్కడి షాపుకి ముందే ఫోన్ చేసి అడగండి. మొహమాటపడొద్దు. అక్కడి మనవాళ్లనీ అడగండి.

☐ ఆడపిల్లలూ, ఇది మీకు. ఎంత తీయాలో వేళ్లతో చూపించండి. ఉంగరాల జుట్టు తడిసినప్పుడు సాగుతుంది, ఆరాక పైకి ముడుచుకుంటుంది. అందుకే మొదటిసారి అనుకున్నదాంట్లో సగమే తీయమనండి. మా అక్క కూతురికి నడుము దాటిన జడ ఒక్క పూటలో భుజాల మీదికొచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో పిల్ల ఏడుపు నేనింకా మర్చిపోలేదు.

☐ రంగు వేయించుకుంటే 48 గంటల ముందు చెవి వెనక కాస్త రాసి చూడమనండి. దురద పుడితే మానేయండి.

☐ తలకు నూనెతో వెళ్లొద్దు.

☐ అమెరికాలో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం మామూలు.