తుఫానుల కాలానికి ముందు పెరటి చెట్ల సంగతి

దసరా దాటిందంటే మన డెల్టాలో అందరి కళ్లూ వరిచేల మీదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఏ అల్పపీడనం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలీదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైన సంగతి ఇప్పటికీ పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు. 2018లో పెథాయ్ అయితే డిసెంబరు 17న, కోతల రోజుల్లో, కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. చేను గురించి ఇంత బెంగపడే మనం, ఇంటి మీదకి వాలి ఉన్న మామిడి చెట్టు వైపు మాత్రం కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగరేశాకే చూస్తాం. అప్పుడు కత్తి పట్టుకుని చెట్టెక్కితే జరిగేది మేలు కన్నా కీడే ఎక్కువ. పని ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉంది. అందులోనూ ముందు చూడాల్సింది కొమ్మల్ని కాదు, మొదలుని.

మనది ఒండ్రు నేల. వానాకాలంలో కాస్త తవ్వితే నీళ్లు ఊరతాయి. నీళ్లున్న చోట వేరుకి గాలాడదు కాబట్టి అది లోతుకి పోకుండా పక్కలకి పాకుతుంది. నాలుగు రోజుల ముసురుకి ఆ నేల నాని మెత్తబడ్డాక వచ్చే గాలికి, కొమ్మ విరగడానికి ముందే చెట్టు వేళ్లతో సహా లేచిపోతుంది. కాబట్టి మొదటి పని నీళ్లు పోయే దారి చూడడం. పెరట్లోంచి వీధి డ్రెయిన్‌కి పోయే బోదెలో ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క, డొక్కలు పేరుకుని ఉంటాయి. అవి తీసేయండి. వాన వెలిశాక మర్నాటికి కూడా చెట్టు చుట్టూ నీళ్లు నిలిచి ఉంటే అక్కణ్ణుంచి బోదెలోకి చిన్న కాలవ తీయండి. చెట్టు మొదట్లో మాత్రం లోతుగా తవ్వకండి, వేళ్లు తెగుతాయి.

రెండోది మెరక. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, దాంతో ఇల్లు పల్లమైపోయిందని మనం నాలుగు లారీల మట్టి తోలిస్తాం. ఆ మట్టి మామిడి, పనస, వేప మొదళ్ల చుట్టూ రెండేసి అడుగులు పడుతుంది. పాత వేళ్లకి ఊపిరాడదు. చెట్టు వెంటనే చావదు, ఏళ్ల తరబడి పచ్చగానే కనిపిస్తుంది, అదే మోసం. కింద వేళ్లు మెల్లగా కుళ్లుతుంటాయి. పరీక్ష తేలిక. నేలను తాకే చోట మాను ఏనుగు పాదంలా వెడల్పుగా విచ్చుకుని ఉండాలి. అలా కాకుండా కరెంటు స్తంభం పాతినట్టు నిటారుగా దిగిపోయి ఉంటే మొదలు పూడిపోయిందన్నమాట. చేత్తో మెల్లగా మట్టి లాగి పాత మొదలు బయటపడేదాకా తీయండి, ఆ గుంటలో నీళ్లు నిలవకుండా ఒక వైపు దారి వదలండి. కొబ్బరికి ఈ గోల లేదు. దాని దుంప నుంచి కొత్త వేళ్లు పుడుతూనే ఉంటాయి కనుక మొదట్లో కాస్త మట్టి ఎగదోయడం మంచిదే.

ప్రహరీ పునాదికో సెప్టిక్ ట్యాంకుకో చెట్టు పక్కనే గొయ్యి తవ్వించి ఉంటే ఆ వైపు వేళ్లు పోయాయని లెక్క వేసుకోండి. గాలి ఆ వైపు నుంచి తోస్తే పట్టి ఉంచేది ఏమీ ఉండదు. అలాంటి చెట్టు ఇంటి వైపే వాలి ఉంటే, పిల్లలు పడుకునే గది దాని కిందే ఉంటే, మొహమాటపడకుండా తీయించేయడమే నా సలహా. నరికే ముందు నీరు, నేల, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలేమో మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి.

ఇక కొమ్మలు. మన ఊళ్లలో కొమ్మలు కొట్టమంటే చెట్టుని మొండెం చేసి దిగుతారు. ఆ మోళ్ల చుట్టూ గుబురుగా వచ్చే చిగుళ్లకి లోపల పట్టుండదు. ఏపుగా ఎదిగి, తర్వాతి తుఫానుకి అవే ముందు ఊడి పడతాయి. తల తీయకండి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, రేకుల మీదకి వాలినవి తీయించండి. మొత్తం గుబురులో నాలుగో వంతు దాటొద్దు. గాలి చెట్టులోంచి దూరిపోవాలి, అంతే. లావు కొమ్మని ఒకే వేటుకి పై నుంచి నరికితే పడేటప్పుడు మాను బెరడుని పీక్కుంటూ పోతుంది. ముందు కొమ్మ అడుగున కొంత కోసి, దానికి జానెడు ఎడంగా, కొస వైపు, పై నుంచి కోసి కొమ్మని పడేసి, మిగిలిన మోడుని మొదట్లో ఉబ్బు వదిలి కోయాలి. జంటగా చీలిన మానుల మధ్య బెరడు లోపలికి ముడుచుకుని, పగుల్లోంచి తడి కారుతుంటే ఆ చెట్టు అక్కడే రెండుగా చీలుతుంది. ఒక వైపు బరువు ముందే తగ్గించండి.

మామిడికి మాత్రం ఇది కాయ దిగిన వెంటనే, జూన్, జులైల్లోనే అయిపోవాలి. అక్టోబరులో కోస్తే పూత రావాల్సిన వేళకి చిగుళ్లు వస్తాయి, కొత్తపల్లి కొబ్బరి మామిడి కాయ ఆ ఏడు కొనుక్కుని తినాల్సిందే. అమెరికాలోని డెన్వర్‌లో ఉన్న పిల్లలు పంపే వీడియోల్లో కొమ్మలు చలికాలంలో, చెట్టు నిద్రపోతున్నప్పుడు కోయమంటారు. లేత చెట్ల మానుకి నవంబరులో కాగితం చుట్టమని, శీతాకాలంలోనూ నీళ్లు పోయమని చెబుతారు. ఆ పొడి చలి కొండ సీమకి అది సరైన మాటే. మనకి ఆకు రాల్చి నిద్రపోయే అంత చలీ లేదు, నీళ్ల కరువూ లేదు.

మునగని ఎంత బతిమాలినా నిలబడదు. కాయ అయిపోగానే నడుమెత్తుకి కొట్టేయండి, మళ్లీ చిగురిస్తుంది.

కొబ్బరి దగ్గర దింపు తీసేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. “మట్టలన్నీ లేపేయమంటారాండీ?” అని అడుగుతారు, వద్దనండి. ముదిరిన గెలలు, ఎండిన మట్టలు, వేలాడే అడుగు మట్టలు చాలు. చెట్టు తలలో ఉండే లేత చిగురుకి, అదే మొవ్వుకి, పచ్చని మట్టలే కాపలా. ఎక్కినవాళ్లనే మొవ్వు కూడా చూడమనండి. ఆకులు కత్తెరతో కోసినట్టు ఉంటే కొమ్ము పురుగు, ఇనుప చువ్వతో పట్టించండి. కింద మీరు మొదలు చూడండి. నేల నుంచి మూడడుగుల లోపు ముదురు గోధుమ రంగు బంక కారుతుంటే గానోడెర్మా తెగులు కావచ్చు. అలాంటి చెట్టు లోపల కుళ్లి ఉంటుంది. సుత్తితో కొడితే డొల్ల చప్పుడు వస్తే మరీ అనుమానించాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే ఏం చేయాలో చెబుతారు. మాను తడిగా ఉన్నప్పుడు, గాలి మొదలయ్యాక ఎవరినీ ఎక్కించకండి. కరెంటు తీగల దగ్గర ఇనప దోటి వాడొద్దు. తీగకి తగిలే కొమ్మ ఉంటే కరెంటు వాళ్ల 1912 నంబరుకి ఫోన్ చేసి లైను ఆపించాకే పని.

అరటికి సరుగుడు గెడలు రెండు కత్తెర వేసి గెల వంగే వైపు ఆనించండి, ముదిరిన గెలలు దించేయండి. లేత మొక్కలకి రెండు వైపులా గుంజలు పాతి, పాత చీర పేలికతో వదులుగా కట్టండి. కాస్త ఊగనిస్తేనే మాను గట్టిపడుతుంది.

హెచ్చరిక వచ్చాక కోత పని మానేసి, కోసి పడేసిన కొమ్మల్నీ డొక్కల్నీ పెరట్లోంచి పంపేయండి. ఆ గాలికి అవే వచ్చి కిటికీలకి కొట్టుకుంటాయి. పశువుల్ని, బండ్లని చెట్ల కింద ఉంచొద్దు. తుఫాను కన్ను మన మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, బయటికి రావొద్దు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అటు వాలిన చెట్టు ఇటు పడేది అప్పుడే.

వెలిశాక పడిన చెట్టు మీద తీగలుంటే దగ్గరికి పోకండి. వంగి బిగుసుకున్న కొమ్మని కోస్తే ఎగిరి మొహానికి తగులుతుంది, ఆ పని తెలిసినవాళ్లకే వదలండి. చిన్న మొక్కలు ఒరిగితే వేళ్లు ఎండకముందే, ఒకటి రెండు రోజుల్లో నిలబెట్టి మట్టి ఎగదోయండి.

కొబ్బరికి మొవ్వు కుళ్లు రాకుండా 1 శాతం బోర్డో మిశ్రమం మొవ్వులో పడేలా కొట్టించండి. ప్లాస్టిక్ బకెట్‌లో 100 గ్రాముల మైలతుత్తం 5 లీటర్ల నీళ్లలో, మరో దాంట్లో 100 గ్రాముల సున్నం 5 లీటర్లలో కలిపి, మైలతుత్తం నీళ్లని సున్నపు నీళ్లలో మెల్లగా పోస్తూ కలియబెట్టాలి. శుభ్రమైన ఇనప చాకు అందులో ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాల్లేదు, ఇంకొంచెం కలపండి. ఆ రోజే వాడేయాలి.

సముద్రపు నీరు ఎక్కిన తీరపు ఊళ్లలో ముందు ఆ ఉప్పు నీటిని బయటికి తోడేసి, తర్వాత మంచి నీరు ఒకటికి రెండు సార్లు పెట్టి తీసేయండి. ఉప్పు దిగేదాకా ఎరువు జోలికి వెళ్లకండి.