తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

మా పేటలో పాత బావి ఉంది, కంపెనీవాళ్లను పట్టుకుని బాగుచేయిద్దాం అంటూ వచ్చే కాలనీవాళ్లను నేను మొట్టమొదట అడిగేది ఇదే. పని అయిపోయాక గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? కరెంటు మీటరు ఎవరి పేరు మీద? మోటారు కాలిపోతే వైండింగ్ డబ్బులు ఏ పద్దులోంచి వస్తాయి? చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్ల టెన్షనంతా డబ్బు ఎవరిస్తారన్నదే. మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు బిల్లులు చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, డబ్బు దొరుకుతుంది. కంపెనీ డబ్బు ఆగిపోయాక గట్టెక్కడమే కష్టం.

మేం మొదట బాగుచేయించిన దిగుడు బావి సంగతి వినండి. ఒక కంపెనీ డబ్బిచ్చింది, పని చక్కగా జరిగింది, రిబ్బన్ కట్ చేశారు, అందరం ఫొటోలు దిగాం. ఎనిమిది నెలలకు మోటారు కాలిపోయింది. వైండింగ్‌కు 4,500 రూపాయలు. మా ప్రాజెక్టు ముగిసింది అన్నారు కంపెనీవాళ్లు. బావి మా ఆస్తుల రిజిస్టరులోనే లేదు, ఏ పద్దు కింద ఖర్చు రాయాలి అన్నారు ఆఫీసువాళ్లు. ఇద్దరిదీ తప్పని అనలేను, రాతకోతల్లో ఎవరి బాధ్యతా లేదు. నీళ్లు కదలక పచ్చబడ్డాయి. మొదట ఒక పాల ప్యాకెట్ కవరు తేలింది. మర్నాడు మూడు. దసరా నాటికి మెట్లు కనపడలేదు. ఆ మూడు కవర్లు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటాయి.

అందుకే ఏదైనా మొదలుపెట్టే ముందు సికింద్రాబాద్ వెళ్లి బన్సీలాల్‌పేట మెట్ల బావి చూసి రండి. పూర్వం ఆ చోటును నాగన్నకుంట అనేవారు. 1933లో పేటను కొత్తగా తీర్చిదిద్దినప్పుడు సేఠ్ బన్సీలాల్ పేరు వచ్చింది. తర్వాత దశాబ్దాల తరబడి ఊరి చెత్తంతా అందులో పడింది. కల్పనా రమేశ్ నడిపే ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ సంస్థ, హైదరాబాద్ నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ కలిసి దాన్ని తవ్వించాయి. సుమారు రెండు వేల టన్నుల చెత్త, పూడిక బయటికొచ్చింది. 2022 డిసెంబరు 5న బావిని ప్రారంభించారు. మెట్ల మీద కూర్చుని నీళ్లు చూస్తూ ఊరుకోకండి. గేటు దగ్గర ఎవరున్నారు, లైట్లు ఎవరు వేస్తున్నారు, ఊడ్చేది ఎవరు, అవి గమనించండి.

తిరిగొచ్చాక మొదటి పని స్థలం కాగితం. బావి మున్సిపాలిటీదా, దేవాదాయ శాఖదా, రెవెన్యూదా, ఎవరి పట్టాలోనైనా ఉందా? సర్వే నంబరు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కట్టడం పురావస్తు శాఖ రక్షణలో ఉంటే వాళ్ల అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపకూడదు. బావి మున్సిపాలిటీదే అయితే దాన్ని ఆస్తుల రిజిస్టరులోకి ఎక్కించమని కమిషనర్‌కు అర్జీ పెట్టండి. రిజిస్టరులో లేని ఆస్తికి రిపేరు బిల్లు పెట్టడానికి ఏ క్లర్కూ సాహసించడు. నేనూ చేసేదాన్ని కాదు.

ఇక కంపెనీ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చుపెట్టాలి. పర్యావరణం, చారిత్రక కట్టడాల పునరుద్ధరణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టంలో ఉంది. కాబట్టి ఎక్కడో ఉన్న పెద్ద పేరు కోసం తిరగకండి, మీ ఊరి ఫ్యాక్టరీకి వెళ్లండి. మార్చిలో వెళ్తే మిగిలిన చిల్లర దొరుకుతుంది. ఏడాది ప్రణాళిక వేసుకునేటప్పుడు వెళ్తే మీ పని అందులో చేరుతుంది.

ఇక్కడ చాలా కాలనీ సంఘాలు దెబ్బతింటాయి. ఆ డబ్బు మీ సంఘం ఖాతాలో వేయమంటే వేయరు. బయటి స్వచ్ఛంద సంస్థ తీసుకోవాలంటే 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపన్ను నమోదులు, కనీసం మూడేళ్ల పని అనుభవం, సీఎస్‌ఆర్-1 అనే కంపెనీ వ్యవహారాల శాఖ నమోదు ఉండాలి. అలాంటి సంస్థను వెతికి కలుపుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ డబ్బుకు గడువు ఉంది. కొన్నేళ్లు సాగే ప్రాజెక్టు అని రాసుకున్నా, మొదలైన ఏడాది పోను మూడేళ్లు దాటకూడదు. అంటే బావి ఎంత బాగున్నా ఆ తర్వాత కంపెనీ ఆ పద్దు మూసేస్తుంది. అందుకే కంపెనీతో ఒప్పంద పత్రం (ఎంఓయూ) రాసే రోజే, గడువు తీరాక నిర్వహణ మున్సిపల్ బడ్జెట్‌లో ఫలానా పద్దు కింద వస్తుందని రాయించండి. దాన్ని కౌన్సిల్‌లో పెట్టించి తీర్మానం నంబరు తీసుకోండి. మాటిచ్చిన కమిషనర్ బదిలీ అయిపోతారు, తీర్మానం బదిలీ కాదు. కంపెనీ బోర్డు ఎంత సైజులో ఉండాలి, డబ్బు ఏ దశలో ఎంత విడుదలవ్వాలి, ఎవరైనా జారిపడితే బాధ్యత ఎవరిది, అన్నీ అందులోనే ఉండాలి. గట్టున పూలమ్ముకునేవాళ్లను లేపకూడదని కూడా రాయించండి. బావి మీద రోజంతా కన్నుండేది వాళ్లకే.

పని గురించి రెండు మాటలు. పూడిక తీయక ముందే పక్కిళ్ల డ్రైనేజీ బావిలోకి ఎక్కడ దిగుతోందో కనిపెట్టి మళ్లించాలి. లేకపోతే తోడిన కొద్దీ మురుగే వస్తుంది. ఎండాకాలంలోనే మొదలుపెట్టండి. ఒక్కసారిగా నీళ్లు తోడేస్తే లోపలి ఒత్తిడి పోయి, వెనకున్న తడిమట్టి గోడను నెట్టేస్తుంది. 2013 వానలకు గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావోలీ అనే పెద్ద మెట్ల బావి గోడ కొంత కూలింది. ఆగా ఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి ఓపిగ్గా మళ్లీ నిలబెట్టాయి. అక్కడి బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. పాత సున్నపు గోడకు సిమెంటు పూయనివ్వకండి. తడి బయటికి పోలేక రాయి లోపల్నించి పొడిపొడి అవుతుంది. కాంట్రాక్టరు త్వరగా అవుతుందంటాడు, ఒప్పుకోవద్దు.

మా రెండో బావికి ఇవన్నీ పాటించాం. మీటరు కమిషనర్ పేరు మీద ఉంది. గేటుకు తాళంచెవులు రెండు. ఒకటి వార్డు ఆఫీసులో, రెండోది ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క దగ్గర. పొద్దున ఆరింటికి ఆమే తీస్తుంది, నీళ్లలో ఏదైనా తేలితే నాకు ఫోన్ చేస్తుంది. మొన్నటి ఏప్రిల్‌తో కంపెనీ గడువు తీరింది. మేలో మోటారు ఆగింది. బిల్లు మున్సిపాలిటీ పద్దులో పదకొండు రోజుల్లో పాసయ్యింది.